ఒకటో నంబరు చీటీ

కటౌటు మెడలో దండ వెయ్యడానికి ఇద్దరు కుర్రాళ్ళు నడుముకు తాళ్ళు కట్టుకుని పైకి ఎక్కుతున్నారు. కింద రోడ్డంతా ఆగిపోయింది. అశోక్‌నగర్ నుంచి బయలుదేరిన అరుంధతి టీచరు ఆటో సినిమా హాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక పాల వ్యాను వెనక ఇరుక్కుని ఇక కదలనంది. వ్యానులోంచి పాల క్యాన్లు దించుతున్నారు. అవన్నీ కటౌటు కాళ్ళ మీద పొయ్యడానికట.

"ఇగ పోదమ్మా. కాంతన్న సినిమా," అని ఆటో అతను ఇంజను ఆపేశాడు.

"నాకు ఎలక్షన్ ట్రైనింగు ఉన్నది నాయనా. లేటయితే మెమో ఇస్తరు."

"మెమో ఇచ్చేటాయన గూడ ఈ ట్రాఫిక్‌లనే ఉంటడు తియ్యుండ్రి."

అరుంధతి ఆటోలోంచి తల వంచి పైకి చూసింది. మెట్రో పట్టాలతో పోటీ పడుతున్నంత ఎత్తున కాంత్ నవ్వుతున్నాడు. చెంప ఒక్కటే ఒక తలుపంత ఉంది. ఎడమ కనుబొమ్మ మీద ఉండాల్సిన గాటు మాత్రం బొమ్మలో లేదు. బడి మెట్ల మీద నుంచి దొర్లిపడి చేసుకున్న గాటు అది. నెత్తురు ఆగక, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో చిటికెడు కాఫీ పొడి అడిగి తెచ్చి తనే అద్దింది. బొమ్మ గీసినవాడికి ఆ సంగతి తెలియదు. తెలిసినా చెరిపేసి ఉంటాడు.

"ఈయన నా దగ్గర చదువుకున్నడు," అంది.

ఆటో అతను అద్దంలోంచి ఆమెను చూశాడు. "ఎవరు, కాంతన్ననా?"

"మూడో తరగతి. ఉమాకాంత్ అని పేరు అప్పుడు. నారాయణగూడల."

"గట్లనా." కటౌటు వైపు ఒకసారి చూశాడు. "మరి ఒక ఫోన్ కొట్టుండ్రి అమ్మా, జర రోడ్డు ఖాళీ చేపిస్తడు."

అరుంధతి నవ్వింది. నవ్వి చిన్నబోయింది. ఆ మాట ఇక అనకూడదని ప్రతిసారీ అనుకుంటుంది. పెళ్ళిళ్ళలో, బస్సులో, డాక్టరు గది ముందు బెంచీ మీద, ఎక్కడ ఆ మొహం కనబడినా మాట నోట్లోంచి జారిపోతుంది. విన్నవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా చివరికి ఒకటే అడుగుతారు.

"మరి మిమ్ములను గుర్తువడతడా?" అని ఆటో అతను కూడా అదే అడిగాడు.

ఆమె డబ్బులిచ్చి దిగి, పాలతో తడిసిన రోడ్డు మీద చెప్పులు జారకుండా చూసుకుంటూ నడిచింది.

పోలింగు సామాను పంచే చోట ఆదివారం పొద్దుటి నుంచి జాతర లాగా ఉంది. మైకులో బూతుల నంబర్లు పిలుస్తున్నారు. చెట్ల నీడలో, షామియానాల కింద, మెట్ల మీద, ఎక్కడ చూసినా నేల మీద పరుచుకున్న సామాన్లు. మిషన్లు, సీళ్ళు, లక్క, దారం, కవర్లు. అరుంధతి జీవితంలో ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేసింది గానీ ప్రిసైడింగ్ ఆఫీసరుగా వెయ్యడం ఇదే మొదలు. వచ్చే ఏడు రిటైరు కాబోతున్న మనిషికి ఈ పని ఎందుకు పెట్టారో ఆమెకు అర్థం కాలేదు. సామాను ఒకసారి సరిచూసి, నమ్మకం చాలక మళ్ళీ విప్పి చూసింది. మూడోసారి విప్పబోతుంటే పక్కన కూర్చున్న నాగేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, సిరా బుడ్డి రెండుసార్లు లెక్క పెట్టినా ఒకటే ఉంటది."

నాగేందర్ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. రేపు ఓటర్ల జాబితా చూసి పేర్లు పిలిచే పని అతనిది. సంతకాలు తీసుకుని వేలికి సిరా పెట్టే పని శ్రీదివ్యది. ఆమె ముషీరాబాద్‌లో కొత్తగా చేరిన టీచరు. మిషను దగ్గర కూర్చోవడానికి ఇంకొకాయన ఉన్నాడు, మాట పలుకు లేని మనిషి. జాబితా తిరగేస్తున్న నాగేందర్ ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు.

"మేడం, మన పంట పండింది. కాంత్ ఓటు మన బూతులనే ఉన్నది. పాతిల్లు అడ్రస్ ఇంక మార్పించుకోలే."

అరుంధతి బూతు పేరు అప్పుడు చూసింది. నారాయణగూడ ప్రాథమిక పాఠశాల. తన మొదటి పోస్టింగు. అదే బడి.

బస్సు వాళ్ళను సాయంత్రం ఎండ తగ్గాక బడి ముందు దింపింది. రేకుల షెడ్డు పోయి రెండంతస్తులు లేచాయి గానీ, మూడో తరగతి గది మాత్రం పాతదే. గడప, కిటికీ ఊచలు, గోడ మీద సున్నం పెచ్చులు. గేటు పక్కన ప్రహరీ గోడ కూడా పాతదే, మీద కొత్త రంగు. అరుంధతి గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి లోపలికి వెళ్ళింది. బల్లలు ఒక మూలకు జరిపి, ఓటు వేసేవాళ్ళకు మరుగుగా అట్ట డబ్బా నిలబెట్టి, ఏజెంట్లు కూర్చోవడానికి రెండు బెంచీలు వేశారు. సిరా బుడ్డి ఒరగకుండా శ్రీదివ్య ఒక చాయ్ కప్పులో ఇసుక పోసి అందులో గుచ్చింది.

నల్లబల్ల మీద ఎవరో టీచరు రాసిన మాటలు చెరిపి అక్కడ నోటీసు అంటించాలి. గుడ్డ పట్టుకున్న అరుంధతి చెయ్యి ఆగింది. ఈ బల్ల మీదే తను పిల్లలకు రాత నేర్పింది. అప్పట్లో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ముందు మాటంతా తలకట్లు లేకుండా రాయమనేది. రాశాక, "ఇప్పుడు ఎండ వచ్చింది, అందరికీ టోపీలు పెట్టండి," అనేది. పిల్లలు నవ్వుకుంటూ ఒకదాని తరువాత ఒకటి వరసగా తలకట్లు పెట్టేవారు. తనిఖీకి వచ్చినాయన ఇదేం పద్ధతి అని కసిరితే మానేసింది. ఈ బడి వదిలాక మళ్ళీ ఎక్కడా అలా నేర్పలేదు.

"ఎక్కడ కూసునేటోడు మేడం, మీ హీరో?" అన్నాడు నాగేందర్. బస్సులో ఆమె మళ్ళీ నోరు జారింది.

"కిటికీ పక్కన. మూడో బల్ల. మొదట్ల కిటికీ పక్కకే కూసునేటోడు, పాఠం చెప్తుంటే చూపంతా బయటనే. కొన్ని నెలలయినంక బల్ల మధ్యకు జరిగిండు. తండ్రికి సైకిల్ టాక్సీ ఉండె. పద్యం అప్పజెప్పమంటే వణికేటోడు. అందరు ఇండ్లకు పోయినంక ఒక్కన్ని నిలబెట్టి చెప్పిచ్చేదాన్ని. గోడకు చెప్పురా, గోడ నవ్వదు, అనేదాన్ని."

"ఇప్పుడు కోట్లమంది ముంగట చెప్తుండు," అంది శ్రీదివ్య. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"చెప్తడు. చెప్పినందుకు వాళ్ళు ఇచ్చేది ఎంత, మనకు ఇచ్చేది ఎంత?" నాగేందర్ లక్క ఉండలు ఒక పక్కకు పేర్చాడు. "ఒక్క సబ్బు పట్టుకొని నవ్వుతడు. మేడం సర్వీసు మొత్తం జీతం ఆ నవ్వుల కొట్టుకపోతది. నేర్పింది ఎవరు, తింటున్నది ఎవరు?"

"ఆయనను చూడనీకి జనం టికెట్ కొంటరు సార్. నన్ను చూడనీకి ఎవరు కొంటరు? పిల్లలు గూడ బెల్లు కొట్టేదాకనే చూస్తరు."

"గదే నేననేది. బెల్లు కొట్టేదాకనన్న చూస్తున్నరు గద. దానికి ఏం రేటు కట్టిన్రు?"

"రేటు కట్టేది సర్కారు కాదు సార్, జనం. జనానికి ఏది కావాల్నో దానికే ఇస్తరు."

"మరి చదువు వద్దా జనానికి?"

శ్రీదివ్య అరుంధతి వైపు తిరిగింది. "మీరు చెప్పుండ్రి మేడం."

అరుంధతి నోటీసు మూలలు గోరుతో నొక్కుతోంది. ఈ వాదన స్టాఫ్ రూముల్లో ఎన్నోసార్లు విన్నది. నాగేందర్ అన్నది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. అయినా డబ్బు మీద ఆమె మనసు ఎన్నడూ నిలవలేదు. ఏటా ఏప్రిల్‌లో ఒక తరగతి లేచి వెళ్ళిపోతుంది. ఆఖరి రోజు అని పిల్లలకు తెలియదు. బెల్లు కొట్టగానే రోజూ ఉరికినట్టే ఉరుకుతారు. తలుపు దగ్గర నిలబడి చూసేది టీచరు ఒక్కతే. అట్లా వెళ్ళినవాళ్ళలో ఒక్కడు వెనక్కి తిరిగి, టీచర్, మీరా, అంటే చాలనిపిస్తుంది. ఆ ఒక్కడు ఎవరంటే మాత్రం ఆమెకు ఒకే మొహం గుర్తొస్తుంది, ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉండే మొహం.

"రేపు వస్తడంటవా?" అంది.

తెల్లవారుజామునే మిషన్లు సరిచూశారు. ఏజెంట్ల ముందు ఉత్తుత్తి ఓట్లు వేయించి, లెక్క చూపించి, చెరిపారు. కాగితం పడే డబ్బా ఒకటి మొరాయించింది. అది మార్చి తెచ్చేసరికి ఏడు దాటింది. బయట వరస గేటు దాకా పెరిగింది.

వరసలో మొదట నిలబడ్డ మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. తలకు తువ్వాలు, చొక్కా మీద ఎండిన సిమెంటు మచ్చలు. అరుంధతి గడప దగ్గరికి రాగానే అతను తువ్వాలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"నమస్తే టీచర్."

"నమస్తే. మిషను ఆగింది బాబూ, జర ఓపిక పట్టు."

"ఎనిమిదింటికి స్లాబు ఉన్నది టీచర్. సిమెంటు మాలు కలుపుడు మొదలుపెడితే ఆపనీకి రాదు. అందుకే చీకటితోటే వచ్చిన."

"ఇప్పుడే అయితది."

అతను ఇంకా ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంకేమైనా అడుగుతాడేమో అని ఆమె ఒక క్షణం ఆగింది. అడగలేదు. ఆలస్యానికి చిరాకు పడుతున్నాడనుకుని లోపలికి తిరిగింది. నిజానికి ఆమె చెవులు గేటు వైపు ఉన్నాయి.

ఏజెంట్లకు కొత్త డబ్బా చూపించి, ఇక పోలింగు మొదలుపెడదాం అనుకుంటుండగా గేటు దగ్గర కేకలు లేచాయి. కార్ల తలుపులు ఒకదాని వెంట ఒకటి మూసుకున్నాయి. పోలీసు ఎస్సై చెమట తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు.

"మేడం, కాంత్ సార్ వచ్చిన్రు. రెండు నిమిషాల్ల పంపిచ్చేద్దాం. పబ్లిక్‌ను ఆపినం."

అరుంధతి కొంగు సవరించుకుంది. రాత్రి బల్ల మీద పడుకుని ఆ క్షణాన్ని ఎన్ని రకాలుగానో ఊహించుకుంది. వేలు చాపుతాడు, తలెత్తుతాడు, కనుబొమ్మ ముడుస్తాడు. ఆ తరువాత మాటేమిటో ఆమె ఊహకు కూడా అందలేదు. ఇప్పుడు గడప దాటి బయటికి వచ్చింది. కానిస్టేబులు తాడు అడ్డం పట్టి వరసను వెనక్కి నెడుతున్నాడు. తాడు ఆ సిమెంటు చొక్కా మనిషి ఛాతీకి ఒత్తుకుని ఉంది. అతని వెనక ఒక ముసలమ్మ, చంకలో పిల్లవాడితో ఒక తల్లి, అందరూ ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నారు.

తెల్ల చొక్కా వేసుకుని కాంత్ మెట్ల దగ్గరికి వచ్చాడు. కటౌటు కంటే చాలా చిన్నగా ఉన్నాడు. కళ్ళ కింద నిద్ర లేని వాపు. ఎడమ కనుబొమ్మ మీద గాటు అలాగే ఉంది. ఆ గాటు చూడగానే అరుంధతికి పాత పేరు నోటిదాకా వచ్చింది.

అయినా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"తాడు తియ్యుండ్రి. ముందు వచ్చినోళ్ళది ముందు. అందరికీ ఒక్కటే వరస."

ఎస్సై ఆమె దగ్గరికి వంగాడు. "మేడం, ఆయన సెలబ్రిటీ. మామూలు మనిషి కాదు."

"ముసలోళ్ళు, నడవలేనోళ్ళు ముందు పోవచ్చు. రూల్ల అంతే ఉన్నది. సినిమా వాళ్ళని లేదు."

కాంత్ ఆ మాట విని నవ్వాడు, అలవాటైన నవ్వు. రెండు చేతులూ జోడించాడు. "మేడం చెప్పింది కరెక్టే. నేను లైన్ల నిలబడతా," అని వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు.

మేడం అన్నాడు. అరుంధతికి ఆ మాట ఒక్కటే వినిపించింది.

అతను వరస చివరికి చేరకముందే వరస అనేది లేకుండా పోయింది. ముందున్నవాళ్ళు వెనక్కి ఉరికారు. ఫోన్లు పైకి లేచాయి. వీధిలోంచి జనం గేటు తోసుకుని వచ్చారు. షామియానా కర్ర ఒకటి ఒరిగింది. చంకలోని పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. గదిలోని ఏజెంట్లు కూడా కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. ఓటు వెయ్యడానికి ముందుకు వచ్చేవాడే లేడు.

"చూసిన్రా మేడం. ఆయన పోతే తప్ప ఈ గుంపు కదలదు," అన్నాడు ఎస్సై. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కదలకుండా తన చోటే నిలబడ్డది సిమెంటు చొక్కా మనిషి ఒక్కడే. "పోనియ్యుండ్రి టీచర్," అన్నాడు. "ఆయన ఎంతసేపుంటే మనకు గంత లేటు. నా ముంగట పోనియ్యుండ్రి, నాకేం లేదు." ఆ తరువాత గుంపు వైపు చెయ్యి ఊపి గట్టిగా పిలిచాడు. "రా కాంతన్నా. నువ్వే పో ముందు."

జనం ఈలలు వేశారు. ఎవరెవరివో చేతులు కాంత్‌ను ముందుకు తోసుకొచ్చాయి. మెట్ల దగ్గర కాంత్ ఆ మనిషి భుజం మీద తట్టి, "థాంక్స్ అన్నా," అని లోపలికి వెళ్ళాడు. ఎవరి కోసం తాడు తియ్యమన్నదో ఆ మనిషే దారి ఇచ్చాక అరుంధతికి అడ్డుపెట్టడానికి కారణం మిగల్లేదు. వెనకే వెళ్ళింది.

కాంత్ రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఇంగ్లీషులో, ఒక సుడి తిప్పి, కింద రెండు గీతలు. సిరా పుల్ల పట్టుకున్న శ్రీదివ్య అతని మొహమే చూస్తూ ఉండిపోయేసరికి, సిరా అతని వేలి మీద నుంచి అరచేతిలోకి కారింది. "పర్వాలేదమ్మా," అన్నాడు. అట్ట డబ్బా వెనక్కి వెళ్ళాడు. మిషను కూసింది. తిరిగి వస్తుంటే అరుంధతి దారిలోనే నిలబడి ఉంది. ఒక చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఉమాకాంత్," అంది.

అతను ఆగాడు. ఆ పేరు విని చాలా కాలమైనట్టు ఆగాడు. ఆమె మొహం వైపు చూశాడు. కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. "మీరు..." అని మొదలుపెట్టాడు. బయట నుంచి అరుపులు. ఎస్సై అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "సార్, గేటు విరిగేటట్టున్నది. తొందరగ పోదాం." కాంత్ మొహంలోకి మళ్ళీ ఆ నవ్వు వచ్చేసింది. "నమస్తే అమ్మా," అని చేతులు జోడించి గడప దాటాడు. మెట్ల మీద సిరా వేలు పైకెత్తి నిలబడ్డాడు. కెమెరాలు మెరిశాయి.

అతను వెళ్ళాక పోలీసులు ఆవరణ మొత్తం ఖాళీ చేయించి, గేటు దగ్గర కొత్తగా వరస పెట్టించారు. ముందుగా ఉరికినవాళ్ళు ముందుకు వచ్చారు. మొదటి మనిషి కోసం అరుంధతి వెతికింది. కనబడలేదు.

"మాలు మిషను స్టార్ట్ అయిందని ఫోన్ వచ్చింది మేడం. ఉరికిండు," అని కానిస్టేబులు చెప్పాడు.

ఆ పగలు చాలా పొడుగ్గా గడిచింది. మధ్యాహ్నానికి ఎండ గడప దాటి గదిలోకి వచ్చింది. ఒకరిద్దరు, ఒకరిద్దరు వచ్చి పోతున్నారు. ఏజెంట్లు బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నారు. శ్రీదివ్య కాసేపటికోసారి రిజిస్టరు పుట వెనక్కి తిప్పి కాంత్ సంతకం చూసుకుంటోంది.

"దీన్ని సీలు చేసి పంపాల్నంటే పానం ఒప్పుతలేదు మేడం."

"నీ సంతకం గూడ కింద పెట్టు, ఇద్దరి పేర్లు పక్కపక్కన ఉంటయి," అన్నాడు నాగేందర్. అరుంధతి నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "మనసుల పెట్టుకోకుండ్రి మేడం. రోజుకు ఎన్ని మొహాలు చూస్తడు ఆయన. ఎవరినని గుర్తు పెట్టుకుంటడు?"

"అవును," అంది అరుంధతి.

కానీ, మీరు, అన్నాడు కదా. ఆ తరువాత ఏమనబోయాడు? ఎస్సై చెయ్యి పట్టకపోతే ఏమనేవాడు? అసలు తను తాడు తియ్యమనకుండా ఉంటే గొడవే ఉండేది కాదు. ప్రశాంతంగా వచ్చేవాడు. వేలు చాపేవాడు. రెండు మాటలు మాట్లాడే సందు దొరికేది. న్యాయం చెయ్యబోయి ఆ సందు తనే మూసుకుంది. పోనీ న్యాయమైనా జరిగిందా అంటే, అందరికంటే ముందు వచ్చినవాడు ఓటు వెయ్యకుండానే వెళ్ళిపోయాడు. ఆమె మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరచిపోయింది.

బయట కారు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తుతోంది. మళ్ళీ వస్తాడేమో. దారిలో ఎక్కడో గుర్తొచ్చి, కారు తిప్పమంటాడేమో. అట్లా జరగదని తెలుసు. తెలిసినా తల లేస్తూనే ఉంది.

సాయంత్రం మళ్ళీ జనం పెరిగారు. ఆరు కావస్తుండగా అరుంధతి చిన్న చీటీల కట్ట తీసి ఒక్కోదాని మీద నంబరు వేసి సంతకం పెట్టింది. గంట కొట్టేసరికి వరసలో ఉన్నవాళ్ళందరికీ చీటీలివ్వాలి. చీటీ ఉన్నవాళ్ళే ఓటు వేస్తారు. మొదటి నంబరు వరస చివర నిలబడ్డవాళ్ళకు ఇవ్వాలి. అక్కడి నుంచి ముందుకు పంచుకుంటూ రావాలి. అట్లయితే వెనక కొత్తవాళ్ళు చేరడానికి వీలుండదు.

ఆమె గేటు దగ్గరికి నడిచింది. వీధి అటు చివర దాకా చూసింది. ఒక తెల్ల కారు వచ్చింది. మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కానిస్టేబులు గేటు రెక్క లాగుతున్నాడు.

"ఆగు అన్నా, ఆగు," అంటూ ఒక మనిషి ఉరికి వచ్చి సందులోంచి లోపలికి దూరాడు. మోచేతుల దాకా సిమెంటు. తలగుడ్డ చెమటకు తడిసి నల్లబడింది. పొద్దుటి మనిషి.

అరుంధతి అతనికి ఎదురు నడిచింది. "వచ్చినవా," అంది. "స్లాబు అయిందా?"

"అయింది టీచర్. మేస్త్రీ నీళ్ళు కొట్టి పొమ్మన్నడు. ఓటు ఉన్నదన్నా, మళ్ళొచ్చి కొడత అని ఉరికొచ్చిన."

అతని వెనక గేటు మూసుకుంది. ఆమె చీటీ ఇచ్చింది. అతను దాన్ని తిప్పి చూసి నవ్వాడు.

"చివరొచ్చినోనికి ఒకటో నంబరా?"

"చివర నుంచే మొదలుపెడతరు."

"మంచిగుంది. గిదే బడిల ఎన్నడు ఒకటో నంబరు రాలే. ఇయ్యాల మీ చేతితోటే వచ్చింది టీచర్."

అరుంధతి రెండో చీటీ ముందు మనిషికి ఇవ్వబోతూ ఆగింది. "గిదే బడిలనా?"

"గిదే రూముల. మూడో బల్ల. కిటికీ పక్కకు ఉమాకాంత్, గీ పక్కకు నేను. మీరే గద మాకు పాఠం చెప్పింది. నేను కావలి ఈదయ్యను టీచర్. మా అమ్మ ఆశమ్మ గీ గోడ కట్టినప్పుడు ఇటుకలు మోసింది. పాలమూరు నుంచి వచ్చినం అప్పుడు. పని ఉన్నన్ని దినాలు నన్ను మీ దగ్గర కూసోబెట్టింది."

ముందువాళ్ళు చీటీల కోసం చేతులు చాపుతున్నారు. ఆమె నంబర్లు చూసుకుంటూ పంచింది. ఒక్కటీ తప్పలేదు. తల మాత్రం ఇంకెక్కడో ఉంది. ఈదయ్య. ఆ పేరుకు ఒక మొహం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. రాలేదు. బల్ల వచ్చింది, కిటికీ వచ్చింది, కనుబొమ్మ మీద గాటుతో ఉమాకాంత్ వచ్చాడు. అతని పక్కన ఏమీ లేదు.

వరస మెల్లగా తరిగింది. ఆమె తన కుర్చీలో కూర్చోలేదు, గడప పక్కనే నిలబడింది. ఈదయ్య దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది.

"పొద్దుగాలనే ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్న. తువ్వాల తీస్తే మీరే గుర్తువడతరేమో అని చూసిన." ఏదో తప్పు చేసినట్టు నవ్వాడు. "ఎట్ల గుర్తువడతరు తియ్యుండ్రి. నాలుగు నెలలు గూడ లేను."

"ఉమాకాంత్‌కన్న చెప్పకపోయినవు."

"వాడు గూడ గుర్తువట్టలే. పదిమందిల ఎందుకని నేను చెప్పలే. మస్తు కష్టపడ్డడు టీచర్ వాడు. పెద్దోడయిండు. సంతోషమే గద." భుజం తడుముకున్నాడు. "భుజం మీద చెయ్యి అయితే వేసిండు."

ఇన్నేళ్ళూ అందరూ ఆమెను అడిగింది ఒక్కటే, అతను మిమ్మల్ని గుర్తుపడతాడా అని. మీరెవరిని గుర్తుపడతారని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

వరసలో చివరికి అతను ఒక్కడే మిగిలాడు. నాగేందర్ పేరు పిలిచాడు. శ్రీదివ్య స్టాంపు ప్యాడు ముందుకు జరిపింది, వేలిముద్ర వేస్తాడని. ఈదయ్య పెన్ను అడిగి తీసుకున్నాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, రిజిస్టరు మీదికి వంగి, మెల్లగా, గుండ్రంగా పేరు రాశాడు. రాసి ఆగాడు. మళ్ళీ మొదటికి వెళ్ళి వ మీద, ద మీద, య మీద వరసగా తలకట్లు పెట్టాడు.

అరుంధతి వంగి ఆ టోపీల వైపు చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది. అతను కాదు, అతను లేకపోవడం. ఒకరోజు నుంచి ఉమాకాంత్ బల్ల మధ్యకు జరిగి కూర్చున్నాడు. ఎందుకు జరిగావురా అని ఆమె అడగలేదు. గోడ పూర్తయింది, రంగులు వేశారు, బడికి తనిఖీ ఉంది, ఏదో హడావుడి. పక్కన ఖాళీ అయిన చోటు వైపు ఆమె చూడనే లేదు.

"సిరా అంటుతలేదు మేడం," అంది శ్రీదివ్య. గోరంతా సిమెంటు పట్టి తెల్లగా ఉంది.

"ఇటియ్యి." అరుంధతి ఆమె చేతిలోంచి సిరా పుల్ల తీసుకుంది. ఈదయ్య ఎడమ చూపుడు వేలు పట్టుకుని కొంగుతో తుడిచింది. సిమెంటు పొరలు పొరలుగా రాలింది. కింద చర్మం పగుళ్ళు పట్టి, మొద్దుబారి ఉంది. గోరు మీద నుంచి కణుపు దాకా సిరా గీసింది. పట్టు వదలకుండా ఆరేదాకా అలాగే ఉంచింది.

"కొంగు పాడయింది టీచర్."

"కానీ."

అతను అట్ట డబ్బా వెనక్కి వెళ్ళాడు. మిషను కూసింది. ఆ రోజుకు అదే ఆఖరి ఓటు. ఏజెంట్లు లేచి ఒళ్ళు విరుచుకున్నారు. ఇక మిషను మూసే బొత్తం నొక్కి సీలు వెయ్యాలి.

"పోయొస్త టీచర్," అన్నాడు ఈదయ్య. గడప దాకా వెళ్ళి ఆగాడు. "అప్పుడు చెప్పకుంటనే పోయినం. పొద్దున లేచేసరికి మేస్త్రీ లారీ ఎక్కిచ్చిండు. టీచర్‌కు చెప్పి రాలేదని దారంత ఏడ్చిన అంటది మా అమ్మ. గందుకే ఇయ్యాల చెప్పి పోతున్న."

"జర ఆగు ఈదయ్యా."

అతను ఆగాడు.

"మేడం, క్లోజ్ బటన్," అని నాగేందర్ గుర్తు చేశాడు.

"ఒక్క నిమిషం నాగేందర్ గారు."

అతను తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, సాయంత్రపు వెలుగులో, పొద్దున నిలబడ్డట్టే నిలబడ్డాడు. అరుంధతి కళ్ళద్దాలు తీసి, కొంగు శుభ్రంగా ఉన్న వైపు తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆ తరువాత అతని మొహం వైపు చూసింది. అతని నుదురు, కళ్ళు, పై పెదవి మీద పాత మచ్చ, అన్నీ తొందర లేకుండా చూసింది.